పెరుగన్నం తప్ప ఏదీ ముట్టని పాపకు కూరలు ఎలా అలవాటు చేయాలి?

మా పాపకు మూడున్నరేళ్లు. పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు, అంతే. పప్పన్నంలో కరివేపాకు ముక్క కనిపించినా ముద్ద ఉమ్మేస్తుంది. అత్తయ్యగారు ఫోన్‌లో బొమ్మలు చూపిస్తూ తినిపిస్తారు. నాకది ఇష్టం లేదు, కానీ ఆకలితో పడుకోబెట్టడానికి మనసొప్పదు. పాలు ఎక్కువైతే ఆకలి చచ్చిపోతుంది, ఐరన్ కూడా తగ్గుతుందని డాక్టర్‌గారు చెబితే రోజుకు మూడు గ్లాసుల నుంచి ఒకటిన్నరకు తెచ్చాం.

బయటికెళ్తే ఇంకా టెన్షన్. మొన్న విజయవాడలో పెళ్లి భోజనాల్లో అన్నీ కారమే, పెరుగు వడ్డించేదాకా ఏడుస్తూనే ఉంది పాపం. ఇప్పుడు హోటల్‌కు కూడా డబ్బాలో పెరుగన్నం పట్టుకెళ్తున్నాం. ఇలాగైతే కొత్తవి ఎప్పటికి తింటుంది? మీ పిల్లలకు మొదట ఏ కూర నచ్చింది? హోటల్లో కారం లేకుండా ఏం అడిగి చేయించుకుంటారు? దయచేసి చెప్పండి.