ఆరు వారాల పాపకు కోలిక్: గ్రైప్ వాటర్ పట్టాలా, వద్దా?

నిద్రలేని నాన్న
మా పాప సాయంత్రం ఆరు దాటితే చాలు, కాళ్లు పొట్టలోకి ముడుచుకుని, మొహం కందగడ్డ చేసుకుని గుక్కపట్టి ఏడుస్తుంది. తొమ్మిదింటికి ఆగిపోతుంది. పాలు బాగానే తాగుతోంది, బరువూ పెరుగుతోంది. డాక్టర్ చూసి కోలిక్ అన్నారు, అంటే జబ్బేమీ లేకుండానే పసిపిల్లలు గంటలకొద్దీ ఏడవడమట. అమ్మ గ్రైప్ వాటర్ పట్టమంటోంది, మా ఆవిడ వద్దంటోంది. మధ్యలో నేను.

ఇద్దరు పిల్లల తల్లి
పట్టండి బాబూ. మా ఇద్దరికీ పట్టాను, పది నిమిషాల్లో ఊరుకునేవాళ్లు. లోపల గ్యాస్ పట్టేస్తే పసివాళ్లు ఏం చెప్పగలరు?

పిల్లల వార్డు నర్సు
ఊరుకున్నది ఆ తీపికి అయ్యుండొచ్చండి. సూది వేసే ముందు మేమూ నాలుక మీద చక్కెర నీళ్ల చుక్క వేస్తాం, కాసేపు ఏడుపు తగ్గుతుంది. 1851లో ఇంగ్లండ్‌లో గ్రైప్ వాటర్ పుట్టినప్పుడైతే అందులో ఆల్కహాల్ కూడా ఉండేది! ఇక గ్యాస్ అంటారా, ఏడుస్తూ గాలి మింగుతారు, దానికే పొట్ట ఉబ్బుతుంది. గ్యాస్‌కని వేసే సిమెథికోన్ చుక్కల్ని మందు లేని చుక్కలతో పోల్చి చూస్తే తేడా తేలలేదు.

ఇద్దరు పిల్లల తల్లి
పోల్చి చూసేవాళ్లకేం, మూడు గంటలు భుజాన వేసుకుని తిరిగేది మేము.

కవలల నాన్న
అక్కా, మా ఇద్దరిలో ఒకడికే కోలిక్. అదే ఇల్లు, అవే పాలు, అవే చేతులు. వాణ్ణి ముంజేతి మీద బోర్లా వేసుకుని, తల మోచేతి మడతలో ఆనించి, లైటు తగ్గించి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ చప్పుడులో నడిచేవాణ్ణి. ఇవాళ పనిచేసింది రేపు చేసేది కాదు. నిద్రపోయాక మాత్రం వెల్లకిలానే పడుకోబెట్టేవాళ్లం. మూడున్నర నెలలకి దానంతటదే పోయింది. ఆ వారం ఏదో చుక్కల మందు మొదలుపెట్టి ఉంటే, క్రెడిట్ అంతా దానికే ఇచ్చేవాణ్ణి.

నిద్రలేని నాన్న
మరి ప్రోబయోటిక్ చుక్కలు, అదే మంచి బాక్టీరియా ఉండేవి?

పిల్లల వార్డు నర్సు
రియుటెరి అనే రకం తల్లిపాలే తాగే పిల్లల్లో కొంత ఏడుపు తగ్గించింది. పోతపాల పిల్లల్లో అంత నమ్మకంగా చెప్పలేం. డాక్టర్‌ని అడిగే వేయండి. తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాకించొద్దు, బొటులిజం అని, కండరాలను చచ్చుబడేసే జబ్బు వచ్చే ప్రమాదం. 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) జ్వరం, ఆకుపచ్చ వాంతి, దొడ్డికెళ్తే రక్తం, పాలు మానేయడం: వీటిలో ఏది కనిపించినా కోలిక్ అనుకుని ఇంట్లో కూర్చోవద్దు.

నిద్రలేని నాన్న
ఒక మాట చెప్పాలి. మొన్న రాత్రి పాపను పట్టుకున్న చేతులు బిగుసుకుపోయాయి. నా మీద నాకే భయమేసింది.

పిల్లల వార్డు నర్సు
మంచి పని చేశారు చెప్పి. అలాంటప్పుడు పాపను ఖాళీ ఉయ్యాల మంచంలో వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, పది నిమిషాలు పక్క గదిలోకి వెళ్లండి. ఆ పది నిమిషాలు ఏడిస్తే ఏమీ కాదు. చిరాకులో ఒక్కసారి గట్టిగా కుదిపినా మెదడులో రక్తం కారొచ్చు.

ఇద్దరు పిల్లల తల్లి
గ్రైప్ వాటర్ సంగతి అలా ఉంచండి, దీనికి మాత్రం నేనూ ఒప్పుకుంటా. మా పెద్దాడప్పుడు బాత్రూంలో కుళాయి తిప్పేసి నేనూ ఏడ్చాను.

నిద్రలేని నాన్న
ఇవాళ వంతులు వేసుకున్నాం. నేను ఎత్తుకుంటే ఆవిడ గంట పడుకుంది. పాప ఏడుపు ఏడుపే, 8:40కి ఆగింది. సీసా అల్మారాలోనే ఉంది, అమ్మ కూడా అడగలేదు.