తండ్రికి క్యాన్సర్, కొడుకు చెవుల్లో హెడ్‌ఫోన్లు: ఇది స్వార్థమేనా?

వానచుక్క:
మా అన్నయ్యకి పెద్దపేగు క్యాన్సర్, నాలుగో దశ. లివర్‌కి పాకింది. రెండు వారాలకోసారి కీమో. కొడుక్కి పదహారేళ్లు, అన్నీ తెలుసు. అయినా నాన్న ఉన్న గదిలో అడుగు పెట్టడు. హెడ్‌ఫోన్లు తగిలించుకుని అర్ధరాత్రి దాకా గేమ్సే. "నాన్నకి ఎలా ఉందిరా" అంటే "మీకు తెలుసుగా అత్తా" అంటాడు. వదిన ఒకటే ఏడుపు. వాణ్ణి కూర్చోబెట్టి నాలుగు మాటలు గట్టిగా చెప్పనా, వదిలేయనా?

మొండిఘటం:
వదిలేయడమేంటండీ? ముందు ఆ హెడ్‌ఫోన్లు లాక్కోండి. పదహారేళ్లంటే పసివాడు కాదు. కన్నతండ్రి పక్కన కాసేపు కూర్చోమని బతిమాలుకోవాలా?

నిద్రలేనివాడు:
లాక్కుంటే ఏమొస్తుంది? గోడ అవతల నాన్న వాంతులు చేసుకునే చప్పుడు బాగా వినబడుతుంది, అంతే. నా పద్నాలుగో ఏట అమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. నాకు మాత్రం అల్సర్ అని చెప్పారు. జుట్టంతా ఊడిపోతే "మందులు పడలేదు" అన్నారు. ఆఖరి వారం దాకా దాచి, అమ్మ దగ్గరికి వెళ్లట్లేదని రాతిగుండె వెధవ అని నాకే పేరు పెట్టారు.

మొండిఘటం:
మీకు చెప్పలేదు, సరే. ఇతనికి చెప్పారుగా! తెలిసి కూడా గేమ్స్ ఆడుతున్నాడు. హెడ్‌ఫోన్ల సంగతికి జవాబు చెప్పండి.

పాతసైకిల్:
దుఃఖానికి అయిదు దశలుంటాయి కదా. నమ్మకపోవడం, కోపం, అలా. ఇతను మొదటి దశలో ఉన్నట్టున్నాడు. టైమ్ ఇస్తే చివరికి సర్దుకుంటాడు.

రాత్రిడ్యూటీ:
క్యాన్సర్ వార్డులో నర్సుని. ఆ అయిదు దశలు 1969లో కూబ్లర్-రాస్ అనే డాక్టరు చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి చెప్పినవి. ఇంట్లో పిల్లల్ని చూసి చెప్పినవి కావు, వరసగా వస్తాయన్న నమ్మకం కూడా లేదు. ఈ వయసు పిల్లలు ఇప్పుడు ఏడుస్తారు, కాసేపటికే మ్యాచ్ స్కోరు అడుగుతారు. బాధ లేక కాదు. మేడమ్, మీ మేనల్లుడు మొదటినుంచీ ఇంతేనా, మధ్యలో మారాడా?

వానచుక్క:
మధ్యలోనే. మొదటి కీమోకి ఆసుపత్రికి కూడా వెళ్లాడు. ఇంటికొచ్చాక అన్నయ్య దాహమంటే ఫ్రిజ్‌లో నీళ్లు గ్లాసులో పోసిచ్చాడట. అన్నయ్య పట్టుకున్నాడో లేదో, "చంపేస్తావేంట్రా" అని అరిచి గ్లాసు వదిలేశాడు. గాజు ముక్కలన్నీ వాడే ఏరాడు. అప్పటినుంచి ఆ గది వైపు పోలేదు. చిన్న విషయం కదా అని రాయలేదు.

రాత్రిడ్యూటీ:
చిన్న విషయమా! మందుల్లో ఆక్సాలిప్లాటిన్ ఉందేమో చూడండి. ఈ క్యాన్సర్‌కి తరచూ ఇస్తారు. అది ఎక్కించాక కొన్ని రోజులు చల్లటి వస్తువు తాకితే వేళ్లు జివ్వుమని లాగేస్తాయి. చల్లటి నీళ్లు తాగితే గొంతు పట్టేసి ఊపిరి ఆడట్లేదనిపిస్తుంది. ఈ సంగతి పేషెంట్‌కి చెబుతాం, ఇంట్లో పిల్లల దాకా చేరదు. పైగా వాంతులు రాకుండా ఇచ్చే స్టెరాయిడ్‌తో చాలామందికి నిద్ర పట్టదు, చిరాకు పెరుగుతుంది.

నిద్రలేనివాడు:
అంటే నాన్నకి తనే ఏదో చేశాననుకుని ఉంటాడు. మొండిఘటం గారూ, ఇప్పుడు లాక్కుంటారా?

మొండిఘటం:
ఒక్క గ్లాసు పేరు చెప్పి ఇన్నాళ్లు మొహం చాటేస్తాడా? నొప్పొస్తే మనిషి అరవకూడదా? అందరూ పిల్లాడి మనసు గురించే రాస్తున్నారు. మంచం మీదున్నవాడి మనసు ఎవరికీ పట్టదు.

నిద్రలేనివాడు:
ఆ పిల్లాడి మీద మీకెందుకండీ అంత కసి?

మొండిఘటం:
ఎందుకంటే నేనూ అలాంటి తండ్రినే. రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్. మా అమ్మాయికి పదిహేడు. నేను ఇంట్లోకి రాగానే గది తలుపేసుకుంటుంది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రెండు రక్తనాళాల్ని కలిపి ఫిస్టులా అని చేశారు, అక్కడ నరం ఉబ్బి, తాకితే లోపల ఏదో గిరగిరా తిరుగుతున్నట్టుంటుంది. అది చూస్తే భయమట. జాలి పడమనట్లేదు. పక్కన కూర్చుని ఫోన్ చూసుకున్నా చాలు. అది కూడా అడక్కూడదా?

నిద్రలేనివాడు:
అడగండి. రాకపోతే రాతిగుండె అనకండి, అంతే. మా అమ్మ కూడా నాకోసం చూసే ఉంటుంది. కానీ నన్ను పట్టించుకునే దిక్కే లేనప్పుడు, అమ్మకి ధైర్యం చెప్పే పని నా నెత్తిన ఎలా పెడతారు?

మొండిఘటం:
కడుపున పుట్టినవాళ్లు కాక ఇంకెవరు చెబుతారయ్యా?

పాతసైకిల్:
ఇద్దరూ కాస్త ఆగండి.

వానచుక్క:
కాగితాలు చూశాను. ఆక్సాలిప్లాటిన్ ఉంది. సాయంత్రమే వెళ్లి వాడికి చెప్పేస్తాను.

మొండిఘటం:
మీరు కాదు, మీ అన్నయ్య చెప్పాలి.

నిద్రలేనివాడు:
అంటే మళ్లీ ఆ గదిలోకి రమ్మని గొడవ. వాళ్ల అత్తనే చెప్పనివ్వండి.

మొండిఘటం:
అత్త చెబితే మందు సంగతి తెలుస్తుంది. "నీ తప్పేం లేదురా" అన్న మాట మాత్రం తండ్రే అనాలి. గదిలోకి రాకపోతే మెసేజ్ పెట్టమనండి. ఫోన్ ఎలాగూ చేతిలోనే ఉంటుందిగా.

రాత్రిడ్యూటీ:
ఎవరు చెప్పినా వచ్చే కీమోకి ముందే చెప్పండి. ఎన్నాళ్లు చల్లటివి ముట్టుకోకూడదో డాక్టర్ని అడిగి ఫ్రిజ్ తలుపు మీద రాసిపెట్టండి. మొండిఘటం గారూ, ఆ చెయ్యి అలా ఎందుకుందో మీ అమ్మాయికి ఎవరైనా చెప్పారా?

మొండిఘటం:
చెప్పేదేముంది. అన్నీ నెట్‌లో చదువుతుంది, తెలిసే ఉంటుంది.