టిన్ ఆక్సైడ్ పూత పొడిలా రాలిపోతోంది, ఫ్లోరైడ్ పెంచాలా?

అనంతపురం ఎమ్మెస్సీ:
ప్రాజెక్టు కోసం గాజు పలకల మీద ఫ్లోరిన్ కలిపిన టిన్ ఆక్సైడ్ పూత (కరెంటు పారే పూత) స్ప్రేతో వేస్తున్నాను. స్టానస్ క్లోరైడ్ డైహైడ్రేట్ 1.13 గ్రాములు, అమ్మోనియం ఫ్లోరైడ్ 93 మిల్లీగ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 50 మి.లీ. హాట్‌ప్లేట్ 450 డిగ్రీలు చూపిస్తోంది. ఆపకుండా ఐదు నిమిషాలు కొట్టాను. సున్నం కొట్టినట్టు తెల్లగా వచ్చింది, వేలితో రుద్దితే రాలుతోంది. మల్టీమీటర్ మెగా ఓములు చూపిస్తోంది, అంటే కరెంటు దాదాపు పారడం లేదు. ఫ్లోరైడ్ పెంచాలా సార్?

కడప ఫిజిక్స్:
ఫ్లోరైడ్ జోలికి ఇప్పుడే పోవద్దు తమ్ముడూ. ముందు బీకరు చూడు. ద్రావణం మజ్జిగలా తెల్లగా ఉందా? స్టానస్ క్లోరైడ్ వట్టి నీళ్లలో వేస్తే విడిపోయి తెల్లటి హైడ్రాక్సీక్లోరైడ్ ఏర్పడుతుంది. నువ్వు కొట్టింది ఆ పొడినే. 1.13 గ్రాములకు ముందు 2.5 మి.లీ. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, 90 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడి చెయ్యి. తేటగా కరిగి, చల్లారాకే నీళ్లు కలుపు. చాలామంది మిథనాల్ కలుపుతారు గానీ, కాలుతున్న ప్లేటు మీద అది అంటుకుంటుంది. నీళ్లే మేలు.

కర్నూలు ల్యాబ్:
రెండో తప్పు ఆపకుండా కొట్టడం. ప్లేటు 450 చూపించినా, తుంపర పడే కొద్దీ గాజు పైభాగం పదుల డిగ్రీలు చల్లబడుతుంది. థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) కొనను ప్లేటుకు కాదు, పక్కన పెట్టిన అలాంటిదే ఇంకో గాజు ముక్క పైభాగానికి ఆనించండి. రెండు సెకన్లు కొట్టి, వేడి మళ్లీ 450 చేరేదాకా ఆగండి. నాజిల్ 25 నుంచి 30 సెం.మీ. దూరంలో ఉండాలి. మరీ దూరమైతే బొట్లు గాలిలోనే ఎండి పొడిగా పడతాయి. సాయంత్రాలు వోల్టేజి పడిపోతుంటే స్టెబిలైజరు పెట్టండి. పూత మందం పెరిగే కొద్దీ ఊదా, ఆకుపచ్చ రంగులు మారుతూ కనిపిస్తే దారిలో పడ్డట్టే. 100 డిగ్రీల లోపుకు దిగేదాకా పలకను ప్లేటు మీంచి తీయకండి, పగులుతుంది.

కడప ఫిజిక్స్:
అసలు మాట మరిచాను. ఫ్లోరైడూ ఆమ్లమూ కలిస్తే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అది గాజును తినేస్తుంది, చర్మంలోంచి ఎముకదాకా పోతుంది. అందుకే ద్రావణం ప్లాస్టిక్ బీకరులోనే కలుపు. ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగే గూడు), గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ఆ ఆమ్లం చర్మం మీద పడితే రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా ఉంచుకో. ఇవి లేకపోతే ఈ ప్రయోగం మొదలుపెట్టొద్దు.

అనంతపురం ఎమ్మెస్సీ:
ద్రావణం నిజంగానే మజ్జిగలా ఉంది సార్. పూత నిరోధం కొలిచే నాలుగు సూదుల పరికరం (ఫోర్ ప్రోబ్) లేదు, ఓములు ఎలా కొలవాలి?

కర్నూలు ల్యాబ్:
మల్టీమీటర్ సూదులు పూత మీద నేరుగా ఆనిస్తే సూది ఆనిన చోటి నిరోధం (కాంటాక్టు ఓములు) కూడా కలిసిపోతుంది. పలకను చదరంగా, 2.5 సెం.మీ.కు 2.5 కోసి, ఎదురెదురు అంచుల పొడవునా సిల్వర్ పేస్ట్ గీతలు గీయండి. ఆరాక ఆ రెండు గీతల మధ్య చూపించేదే చదరానికి ఎన్ని ఓములో. బజారులో దొరికే మంచి పలకలు 7 నుంచి 15 మధ్య ఉంటాయి. మీకు మొదట్లో వందలు వచ్చినా సరే, ఫ్లోరైడ్ మోతాదు మార్చి చూడాల్సింది అప్పుడు.