క్రియాజనకాన్ని (చర్యలో పాల్గొనే పదార్థాన్ని) అవసరానికి మించి తీసుకోవడం: మేలా, వృథానా?

మోల్_లెక్క: సమీకరణం నిష్పత్తి చెప్పాక ఒకదాన్ని ఎక్కువ పోయడం దేనికి? చివరికి మిగిలిపోయేదే కదా. నా దృష్టిలో అది వృథా.

బీకరు: పూర్తయ్యే దాకా సాగే చర్యల్లో మీ మాట చాలావరకు నిజమేనండి. సమతాస్థితి దగ్గర, అంటే ముందుకూ వెనక్కూ సమాన వేగంతో నడిచే స్థితిలో ఆగేవాటిలో కాదు. ఎసిటిక్ ఆమ్లం, ఇథనాల్ కలిస్తే ఇథైల్ ఎసిటేట్, నీరు వస్తాయి. ఈ చర్య సమతాస్థితి స్థిరాంకం సుమారు 4. చెరో మోల్ తీసుకుంటే ఆమ్లం 67 శాతం మారి ఆగిపోతుంది, ఎన్నాళ్లు ఉంచినా అంతే. ఇథనాల్‌ను 2 మోల్‌లు చేయండి, 84.5 శాతానికి చేరుతుంది. స్థిరాంకం మారలేదు, సమతాస్థితి ముందుకు జరిగింది. మూడో వంతు ఆమ్లాన్ని వదులుకోవడం వృథా కాదా?

స్వేదనం: లెక్క ఒప్పే. కానీ పని అక్కడితో అయిపోదు. ఇథైల్ ఎసిటేట్ 77 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, ఇథనాల్ 78 దగ్గర. మిగిలిన ఇథనాల్‌ను ఎలా వేరు చేస్తారు? అంతకంటే క్రియాజన్యాన్ని (చర్యలో తయారైనదాన్ని) ఎప్పటికప్పుడు తీసేయడం నయం. అమ్మోనియా తయారుచేసే హేబర్ పద్ధతిలో నత్రజని, హైడ్రోజన్‌లను 1:3లోనే పంపుతారు. అమ్మోనియాను చల్లబరిచి ద్రవంగా తీసేసి, మిగిలిన వాయువులను తిరిగి లోపలికి పంపుతారు. దాదాపు ఏదీ పారబోయనక్కర్లేదు.

క్రియాజన్యం పేరుకుంటే ఏమవుతుందో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బెర్తొలే ఈజిప్టు నాట్రాన్ సరస్సుల దగ్గర గమనించాడు. ప్రయోగశాలలో సోడియం కార్బనేట్, కాల్షియం క్లోరైడ్ కలిపితే సున్నపురాయి పదార్థం, ఉప్పు వస్తాయి. అక్కడ ఉప్పూ సున్నపురాయీ అంతులేకుండా ఉండడంతో చర్య వెనక్కి నడిచి ఒడ్డున సోడా (సోడియం కార్బనేట్) పేరుకుంది!

బీకరు: చక్కటి ఉదాహరణ. కానీ మీ ఇథనాల్ ఇబ్బందికి జవాబు ఎక్కువ తీసుకోవడం మానేయడం కాదు, ఆమ్లాన్ని ఎక్కువ తీసుకోవడం. 2 మోల్‌ల ఆమ్లం, 1 మోల్ ఇథనాల్ అయితే ఇథనాల్ అదే 84.5 శాతం మారుతుంది. ఆమ్లం 118 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మిగిలింది సోడియం బైకార్బనేట్ ద్రావణంతో కడిగితే పోతుంది. చౌక ఏదన్నదొక్కటే చూస్తే చాలదు, తేలిగ్గా వదిలేది ఏదో కూడా చూడాలి. సల్ఫర్ డయాక్సైడ్‌ను ట్రయాక్సైడ్‌గా మార్చేటప్పుడు ఆక్సిజన్ ఎక్కువ ఉంచడం అందుకే: అది గాలి నుంచే వస్తుంది, మిగిలినా బాధ లేదు.

మోల్_లెక్క: ఎస్టర్ (ఇథైల్ ఎసిటేట్) విషయంలో ఒప్పుకుంటున్నాను. మరి ద్రావణంలోంచి ఘనంగా దిగే అవక్షేపాల సంగతి? వెండి అయాన్లను క్లోరైడ్‌తో దించేటప్పుడు ఎంత ఎక్కువ పోస్తే అంత మంచిదా?

స్వేదనం: కాదండీ. కొద్దిగా ఎక్కువైతే ఉమ్మడి అయాన్ ప్రభావం (అవక్షేపంలో ఉన్న అయానే ద్రావణంలో ఎక్కువై కరగడాన్ని తగ్గించడం) వల్ల ద్రావణంలో మిగిలే వెండి తగ్గుతుంది. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కుమ్మరిస్తే మాత్రం కరిగే సంక్లిష్ట అయాన్ ఏర్పడి, దిగిన అవక్షేపం కొంత మళ్లీ కరిగిపోతుంది.