బ్యాంకు వేలంలో ఇల్లు 34 లక్షలకే వస్తోంది: దిగవచ్చా, వద్దా?

కరకంబాడి రోడ్డు
తిరుపతి ఎం.ఆర్.పల్లిలో రెండు పడకగదుల ఇల్లు బ్యాంకు వేలానికి వచ్చింది. రిజర్వు ధర 34 లక్షలు. ఆ వీధిలో అలాంటి ఇల్లు 45 లక్షలకు తక్కువ దొరకదు. ప్రకటనలో ‘సింబాలిక్ పొజెషన్’ అనీ, ‘ఉన్నది ఉన్నట్టుగా’ అనీ రాశారు. పది శాతం ధరావతు కట్టడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. అనుభవం ఉన్నవారు చెప్పండి.

కొర్లగుంట వాసి
దిగవద్దు. నేను 2017 ఫిబ్రవరిలో పాట పాడాను. మరుసటి రోజుకల్లా నాలుగో వంతు కట్టాలి, మిగతా మూడు వంతులకు పాట ఖరారయ్యాక పదిహేను రోజులే గడువు. అంత తొందరగా ఇంటి రుణం ఎవరిస్తారు? నా భార్య నగలు కుదువ పెట్టాను, చీటీ ముందే పాడుకున్నాను. సేల్ సర్టిఫికెట్ వచ్చింది, తాళం చెవి మాత్రం రాలేదు. పాత యజమాని లోపలే ఉన్నాడు, బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్ డీఆర్‌టీకి వెళ్లాడు. నేను ఇంట్లో అడుగు పెట్టింది 2018 నవంబరులో. ఇరవై ఒక్క నెలలు ఇటు అద్దె, అటు వడ్డీ. అదికాక కింది వాటాలో పిండిమర నడిపినప్పటి కరెంటు బకాయి 41 వేలు నా నెత్తిన పడింది.

పాత ఫైలు
బ్యాంకు వసూళ్ల విభాగంలో పనిచేసి విరమించినవాడిని. ‘సింబాలిక్’ అంటే గోడకు నోటీసు అంటించారు, ఇల్లు ఇంకా ఖాళీ కాలేదని అర్థం. ఖాళీ చేయించాలంటే బ్యాంకు, తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్ముకోనిచ్చే సర్ఫేసీ చట్టం 14వ సెక్షన్ కింద జిల్లా మేజిస్ట్రేటును కోరాలి. ఇది తెలియకుండా దిగితే తప్పు చట్టానిది కాదు. ఇక కరెంటు బకాయి. బకాయిలన్నీ కొన్నవారివేనని వేలం షరతుల్లో ఉంటుంది. మీరు చదివారా?

బైరాగిపట్టెడ
30 ఏళ్ల ఈసీ, అంటే ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం, తీయించండి. సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల్లో, ఉందేమో చూడండి. మన ఊళ్లో మఠం భూముల గొడవ తెలియనిది కాదు.

కొర్లగుంట వాసి
చదివాను సార్. ‘బకాయిలేమీ లేవు’ అని శాఖలో అధికారి నా ముఖం మీద చెప్పారు. నమ్మడం తప్పా?

పాత ఫైలు
నోటిమాటకు విలువ లేదు. కొత్త కనెక్షన్ అడిగినవారిని పాత బకాయి కట్టమనే అధికారం, నిబంధనలు ఉన్నచోట, విద్యుత్ సంస్థకు ఉందని 2023లో సుప్రీంకోర్టే చెప్పింది.

కొర్లగుంట వాసి
నేను కట్టింది 2018లో. 2023 తీర్పు చూపించి నాకు పాఠం చెబుతున్నారా?

పాత ఫైలు
తీర్పు తరువాతిదైనా షరతు అప్పటిదే. 41 వేలను భూతద్దంలో చూపించి ఈ పిల్లవాడిని భయపెట్టకండి. 14వ సెక్షన్ కింద 60 రోజుల్లోపు ఉత్తర్వు ఇవ్వాలని చట్టంలోనే ఉంది.

కొర్లగుంట వాసి
ఉత్తర్వు వచ్చాక పోలీసులు రావద్దా? ఆ ఏడాది అధికమాసం. సెప్టెంబరులో ఒకటి, అక్టోబరులో ఒకటి, రెండు బ్రహ్మోత్సవాలు. స్టేషన్‌కు వెళ్లినప్పుడల్లా సిబ్బంది అంతా కొండమీద బందోబస్తులో ఉన్నారన్నారు. మీ చట్టానికి ఆ సంగతి తెలుసా?

కరకంబాడి రోడ్డు
కరెంటు సంగతి సరే, మొత్తం మీద ఎంత అదనంగా పడుతుందో ఎవరైనా చెప్పండి.

బైరాగిపట్టెడ
స్టాంపు, బదిలీ సుంకాలు, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి సుమారు 7.5 శాతం. 34 లక్షల మీద రెండున్నర లక్షలు దాటుతుంది. నగరపాలక సంస్థ పన్ను బకాయి వేరు. లోపల ఏం పీకేశారో అడుగుపెట్టాకే తెలుస్తుంది.

చిత్తూరు ఆడపడుచు
ఇంతసేపూ చదివాను. వేలం వేసిన ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. మీరంతా ‘లోపల ఉన్నవాడు’ అంటున్నారే, అలాంటి ఒకరు మా నాన్న. వేలంలో వచ్చిన డబ్బు అప్పుకు చాలలేదు. చాలని దానికి బ్యాంకు మళ్లీ నాన్న మీదే డీఆర్‌టీకి వెళ్లింది. పాడినవారికి తగ్గిన ప్రతి లక్షా మా బాకీలోనే మిగిలింది. పదకొండు లక్షలు చవక అంటున్నారు తమ్ముడూ, ఆ పదకొండు లక్షలు ఎవరివో ఒక్కరైనా అడిగారా?

పాత ఫైలు
అమ్మా, బాధ అర్థమవుతుంది. కానీ అప్పు తీసుకుని కట్టకపోతే డిపాజిట్ వేసుకున్న వృద్ధులకు ఎక్కడినుంచి తెచ్చి ఇవ్వాలి? అప్పు పోను మిగిలితే యజమానికే తిరిగి ఇవ్వాలనీ అదే చట్టంలో ఉంది. నోటీసు ఇచ్చి అరవై రోజులు ఆగుతాం. వేలాలన్నిటిలోనూ మోసం ఉన్నట్టు రాయడం అన్యాయం.

చిత్తూరు ఆడపడుచు
మోసమని నేను అనలేదు. ఇల్లు ఖాళీ చేయించి, నిలకడగా అమ్మితే మంచి ధర వచ్చేది. మనుషులు లోపల ఉండగానే అమ్మారు కాబట్టి ధర పడిపోయింది. ఖాళీ చేయించే బాధ కొన్నవారికి, తగ్గిన ధర మాకు. మీకు ఫైలు మూతపడింది.

పాత ఫైలు
ఖాళీ చేయించేదాకా ఆగితే వడ్డీ పెరగదా? అదీ మీ నాన్నగారి మీదే పడేది. ముప్పై ఏళ్లు ఆ పని చేశాను. తలుపు తట్టిన ప్రతిచోటా నన్నే శపించారు. నా జేబులోకి ఒక్క రూపాయి రాలేదు.

కొర్లగుంట వాసి
అమ్మా, ఇన్నేళ్లుగా కరెంటు బకాయి గురించే చెప్పుకుంటూ వచ్చాను. చెప్పనిది ఒకటుంది. నేను స్వాధీనం తీసుకున్నది శుక్రవారం. వాళ్ల సామాను వీధిలో ఆటోలోకి ఎక్కిస్తున్నారు. స్విచ్చు బోర్డులు పీకేశారు, బోరు మోటారు తీసుకుపోయారు. కానీ గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టి ఉంది. పసుపు ఇంకా తడిగానే ఉంది. పోతున్న రోజు కూడా ఆ ఇల్లాలు గడప కడిగింది. నా భార్య దాన్ని దాటి లోపలికి రావడానికి చాలాసేపు పట్టింది. కోపమంతా ఆ పాత యజమాని మీద పెట్టుకుని ఇరవై ఒక్క నెలలు బతికాను. ఆ తడి పసుపు చూశాక ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కరకంబాడి రోడ్డు
నిన్న సాయంత్రం వెళ్లి చూశాను. డాబా మీద పిల్లల యూనిఫాంలు ఆరేసి ఉన్నాయి. తలుపు కొట్టలేక వచ్చేశాను. 14వ సెక్షన్ దరఖాస్తు పెట్టారా లేదా అని బ్యాంకుకు ఉత్తరం రాస్తున్నాను. రాతపూర్వకంగా జవాబు రాకుండా ధరావతు కట్టను.

పాత ఫైలు
అందులోనే డీఆర్‌టీలో కేసు ఉందా అనీ అడగండి, కరెంటు బకాయి అంకె కూడా. కొర్లగుంట వాసి గారూ, ఆ 41 వేల రసీదు మీ దగ్గర ఉంటే నాకు పంపండి. ఒకసారి చూస్తాను.