అప్‌డేట్: శిక్ష ముగిసిన మా తమ్ముడి చదువు, ఉద్యోగం

కాలిఫోర్నియాలో ఫెలనీ (తీవ్రమైన నేరం) శిక్ష పూర్తి చేసుకుని వచ్చిన మా తమ్ముడికి ఇక చదువు, ఉద్యోగం దొరుకుతాయా అని కిందటేడు మిమ్మల్ని అడిగాను. ఓపికగా దారి చూపిన అందరికీ మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు.

వాడు అమెరికా పౌరుడు కనుక మీరు చెప్పినట్టే ఫాఫ్సా (కాలేజీ చదువుకు ప్రభుత్వ ఆర్థిక సాయం కోరే దరఖాస్తు) నింపాము. మత్తుమందుల కేసుల గురించిన పాత ప్రశ్న అందులో ఇప్పుడు లేదు. తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు మంజూరైంది. 1994లో ఖైదీలకు నిలిపివేసిన ఆ గ్రాంటును 2023 జులై నుంచి జైలులో ఆమోదం పొందిన కోర్సులు చదివేవారికి మళ్లీ ఇస్తున్నారట. ఆ సంగతి ముందే తెలుసుకోలేదన్న బాధ నాకు ఇంకా ఉంది. కమ్యూనిటీ కాలేజీలో వెల్డింగ్ కోర్సు పూర్తి చేశాడు.

ఉద్యోగం దగ్గరే అసలు పరీక్ష ఎదురైంది. ఒక సంస్థ ఆఫర్ ఇచ్చి, నేపథ్య పరిశీలన తర్వాత వెనక్కి తీసుకోబోయింది. అయితే 2018లో అమలులోకి వచ్చిన రాష్ట్ర ఫెయిర్ ఛాన్స్ చట్టం ప్రకారం, ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్న సంస్థ షరతులతో కూడిన ఆఫర్ ఇచ్చేదాకా సాధారణంగా నేరచరిత్ర అడగకూడదు; ఆపై నిరాకరించదలిస్తే కారణం లిఖితపూర్వకంగా తెలిపి, జవాబుకు కనీసం ఐదు పనిదినాలు ఇవ్వాలి. ఆ గడువులోనే తమ్ముడు కోర్సు సర్టిఫికెట్, అధ్యాపకుడి లేఖ జతచేసి జవాబు పంపాడు. వారు నిర్ణయం మార్చుకున్నారు. ఆ జవాబును వాడే స్వయంగా రాశాడు, నేను ఒక్క మాట కూడా దిద్దలేదు.

పాత కేసుకు డిస్మిసల్ (శిక్ష ముగిశాక ఆ నేర నిర్ధారణను కోర్టు కొట్టివేయడం) కోరుతూ వేసిన పిటిషన్ వచ్చే నెల విచారణకు వస్తుంది.