గ్యాస్ గదిలో పండిన సువర్ణరేఖ తినొచ్చా, వద్దా?

విజయనగరం కోడలు:
నిన్న బజారులో సువర్ణరేఖ మామిడిపళ్లు కొన్నాను. "కార్బైడువి కాదమ్మా, గ్యాస్ ఛాంబరువి" అన్నాడు అమ్మే ఆయన. మా అత్తయ్య ముట్టనంటే ముట్టనన్నారు. ఏదైనా మందే కదా అని ఆవిడ మాట. పిల్లలకి పెట్టమంటారా?

గజపతినగరం తోట:
మీ అత్తయ్యగారి మాటే నాదీను. మా నాన్న గదిలో ఎండుగడ్డి పరిచి, కాయలు పేర్చి, మళ్లీ గడ్డి కప్పి ముగ్గబెట్టేవాడు. కొన్నాళ్లకి తలుపు తీస్తే వీధంతా వాసన. ఇప్పుడు గ్యాస్ కొట్టి లారీ ఎక్కించేస్తన్నారు. దాన్ని పండంటారేటి?

శ్రీకాకుళం మాస్టారు:
తోట గారూ, మీ నాన్నగారి గడ్డి కింద పనిచేసిందీ ఆ గ్యాసే. దాని పేరు ఎథిలీన్. మొక్కలో పుట్టే హార్మోనే. పండే ఆపిల్ పండు తనంతట తానే దీన్ని వదులుతుందని 1934లో గేన్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. మామిడీ అంతే. కాయలో ఎథిలీన్ కాస్త పుడితే అదే ఇంకా ఎక్కువ పుట్టిస్తుంది. పిండిపదార్థం చక్కెర అవుతుంది, పులుపు తగ్గుతుంది, కండ మెత్తబడుతుంది, ఆకుపచ్చ పోయి పసుపు తేలుతుంది. గడ్డి ఆ గ్యాసుని బయటికి పోనివ్వదు, అంతే. పూర్వం అరటిగెలలకి పొగ పెట్టేవాళ్లం కదా, ఆ పొగలోనూ ఎథిలీన్ ఉంటుంది. (సీతంపేట అనాస మాత్రం ఈ కోవలోది కాదు. కోశాక ఎంత ముగ్గబెట్టినా తీపెక్కదు.)

కార్బైడ్ సంగతి వేరు. తడి తగిలితే వచ్చేది అసిటిలీన్. ఎథిలీన్‌లా నటిస్తుంది గాని అంత బలం లేదు. పైగా బజారు కార్బైడులో ఆర్సెనిక్, భాస్వరం మలినాలుగా ఉంటాయి. అందుకే నిషేధం. ఎథిలీన్ వాయువుకైతే ఆహార భద్రతా సంస్థ 2016లో అనుమతి ఇచ్చింది, పది లక్షల పాళ్లలో వంద పాళ్ల వరకు. అమ్మా, నిజంగా ఛాంబరు కాయే అయితే పిల్లలకి పెట్టండి.

పలాస బావ:
ఆ "నిజంగా" అన్నదే కదా మాస్టారూ చిక్కు! రూలు కాగితం మీద ఉంటాది. ఎథ్రెల్ అనే మందు కలిపిన నీళ్లలో కాయలు ముంచి తీయడం నేను కళ్లారా చూశాను. అదీ ఎథిలీనే ఇస్తాది. మరి దానికేటంటారు?

శ్రీకాకుళం మాస్టారు:
తప్పే అంటాను. ఎథ్రెల్ నుంచి గ్యాసు పుట్టించుకోవచ్చు గాని, ఆ మందునీళ్లు కాయకి తగలకూడదు.

గజపతినగరం తోట:
సరే, విషం కాదనే ఒప్పుకుంటాను. రుచి మాటేటి? గడ్డిలో పండిన దాని రుచి దీనికి ఎందుకు రాదు?

శ్రీకాకుళం మాస్టారు:
ఎప్పుడు కోశారో చెప్పండి ముందు. టెంక ముదరని కాయలో పిండి చేరి ఉండదు. ఎథిలీన్ దేన్ని చక్కెర చేస్తుంది? తొక్క పసుపెక్కుతుంది, లోపల పుల్లగానే ఉంటుంది. సువర్ణరేఖతో ఇంకో మోసం ఉంది. దాని భుజం మీద ఎరుపు ఎండకి వచ్చేది, పండినందుకు కాదు. తొడిమ దగ్గర భుజాలు నిండాయా లేదా చూడాలి. పచ్చికాయని నీళ్లలో వేస్తే ముదిరింది మునుగుతుంది, లేతది తేలుతుంది.

గజపతినగరం తోట:
అక్కడ తప్పు మాదే, దాచను. షావుకారు పూత మీదే తోట కొనేస్తాడు. ముందు దిగిన కాయకి ధర. నాలుగు రోజులు ఆగితే గాలివాన వస్తాదేమోనని మాకూ భయం. లేతవీ ముదురువీ ఒక్క కోతలో దింపేస్తాం. మా నాన్న మాత్రం చెట్టు మీద రెండు పళ్లు రాలేదాకా చెయ్యి పెట్టేవాడు కాదు.

విజయనగరం కోడలు:
ఇప్పుడే రెండు కాయలు కోశాను. రెండిటికీ భుజం ఎర్రగానే ఉంది. ఒకటి టెంక చుట్టూ తెల్లగా, పుల్లగా ఉంది. రెండోది టెంక దాకా పసుపే, వాసన గది నిండా. ఒకే బుట్టలోవి. అత్తయ్య రెండోదాన్ని వాసన చూసి ఒక చెక్క తీసుకున్నారు.

పలాస బావ:
అమ్మా, మళ్లీ ఆ బజారుకెళ్తే ఆ ఛాంబరు ఎక్కడుందో ఆయన్ని అడిగి రండి. నేనైతే చూశాకే నమ్ముతాను.